విద్యుత్తు లెక్క యెవరి కంట బడవలెను?

పాలు పోయువాడు పోసిపోయిన పిదప ఇల్లాలు గోడమీద సున్నపుబొట్టొకటి పెట్టుటయో, బొగ్గుతో గీత యొకటి గీయుటయో మన తాతల కాలమునాటి వాడుక. నెలకడపట ఆ గీతలు లెక్కించి సొమ్ము చెల్లించెడివారు. అక్షరము రానివారును ఆ లెక్కను చదువగలిగిరి. అది వంటయింటిలోని తల్లికిని, వసారాలో గూర్చున్న తాతకును, ఆటలనుండి దప్పిగొని వచ్చిన పిల్లలకును ఒక్కరీతిగా గనబడుచుండెను. నేడు పాలవలెనే దినదినము మన యిండ్లలోనికి వచ్చుచున్న విద్యుచ్ఛక్తికి అట్టి గోడ లేదు. దాని లెక్క వీధివైపు నెత్తున బిగించిన పెట్టెలో జరుగును. నెల కొకమాఱు చీటియై మన చేతికి వచ్చును. ఆ చీటిలో మొత్తము కలదు గాని, ఆ మొత్తములో పంకా వంతెంత, నీళ్లు కాచు గీజరు వంతెంత, ఇస్త్రీపెట్టె వంతెంత యన్నది లేదు. ఏ సరకున కెంత వేసినాడో వ్రాయక, నెలాఖరున మొత్తము మాత్రము చీటి పంపు కిరాణాకొట్టువానితో మనలో నెవరును బేరము పెట్టుకొనరు. విద్యుత్తు విషయమున మాత్ర మట్టి బేరమునకే యలవాటుపడి యున్నారము.

ఈ కొఱత దీర్చుటకై యిటీవల సెల్‌ఫోనులలో యాప్‌లు వచ్చినవి. స్మార్టు మీటరు పావుగంటకో అరగంటకో ఒకమాఱు కొలిచిన లెక్కను కంపెనీవారి కార్యాలయమునకు జేర్చగా, అచటినుండి అది గృహస్థుని ఫోనునకు వచ్చును. నిన్న నెంత, నేడెంత, పోయిన నెలలో ఇదే తేదీకి ఎంత, మనవంటి యిండ్ల సగటుకంటె మన మెక్కువయా తక్కువయా యని బొమ్మలతోను గీతలతోను జూపును. ఇట్లు చూపినంతనే జనులు తమంతట తాము వాడుక తగ్గించుకొందురని కొందఱు నమ్ముచున్నారు. ఇది వట్టి ఆటబొమ్మ యని మఱికొందఱు కొట్టివేయుచున్నారు. మా యభిప్రాయ మీ రెంటిలో దేనికిని జెందదు. లెక్క చూపుట మేలే. అయితే ఆ లెక్క ఎవరి కంటికి గనబడుచున్నది, ఏ సమయమున గనబడుచున్నది యను రెండు ప్రశ్నలమీదనే దాని మంచిచెడ్డలు నిలిచి యున్నవని మేము తలచుచున్నాము.

మొదట, మన కీ విషయమున నెంత తెలియునో చూతము. మీ యింట కరెంటు నెక్కువగా దినునది యేది యని తొమ్మిదవ తరగతిలో నడిగినచో, దీపములని కొందఱును, ఫోను చార్జరని కొందఱును జెప్పుదురు. ఇంటివద్ద విన్న మాటలనే వారు చెప్పుదురు. చార్జరు గోడనుండి తీయనందులకు చీవాట్లు తినని పిల్లలు మా యెఱుకలో తక్కువ. ఒక యూనిట్టనగా వేయి వాట్ల వస్తువు గంటసేపు పనిచేసినప్పుడు ఖర్చగు శక్తి. దినమున కొకమాఱు నింపెడి ఫోను నెలంతయు గలిపి సుమారు అరయూనిట్టు దీసికొనును. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపము రాత్రి కాఱుగంటల చొప్పున వెలిగినను నెలకు ఒకటిన్నర యూనిట్టుకు గొంచెము మించదు. మఱి రెండువేల వాట్ల గీజరు, దినమునకు అరగంట మాత్రమే వేసినను, నెలకు 30 యూనిట్లు. డెబ్బదియైదు వాట్ల పాతరకపు పంకా దినమునకు పండ్రెండుగంటలు తిరిగిన 27 యూనిట్లు. దానికి బదులు ముప్పది వాట్లతో దిరుగు క్రొత్తరకపు బి.ఎల్.డి.సి. పంకా బిగించినచో పదునొకండు యూనిట్లకు లోపే. చార్జరు తీయలేదని పిల్లవానిని గసరుచున్న గృహస్థుని నెత్తిపై ఆ పాతపంకాయే తిరుగుచుండును.

ఈ పొరపాటు మన దేశమువారికి మాత్రమే గలిగినది గాదు. 2010లో ప్రకటించిన శోధనకై అమెరికాలో షాజీన్ అత్తారి మొదలగువారు 505 మందిని ప్రశ్నించి చూడగా, వారును పెద్ద యంత్రముల ఖర్చును మిక్కిలి తక్కువగా నూహించిరి; దీపములార్పుటయే గొప్ప పొదుపని పలువురు నమ్మిరి. దీనికి గారణము లేకపోలేదు. అరువది వాట్ల తీగబుడ్డి వెలిగిన దినములలో ఒక్కొక్క దీపము నెలకు పదియూనిట్లపైని దినెడిది. దీపములార్పుమని మన పెద్దలు చెప్పినది ఆనాటికి నూటికి నూఱుపాళ్లు సరియైన మాట. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకముతో ఎల్.ఇ.డి. బుడ్డులు కోట్లకొలది యిండ్లకు జేరినవి. బుడ్డి మాఱినది, హితవు మాత్రము మాఱలేదు. కన్నులకు గనబడని వస్తువునుగూర్చిన జ్ఞానము ఒక తరము వెనుకబడియే యుండును. ఈ యజ్ఞానమును బోగొట్టుటకు లెక్క యవసరము. యాప్ పక్షమున మే మంగీకరించు మొదటి మాట యిది.

లెక్క కనబడిన వాడుక తగ్గునా యనుదానికి తఱచుగా జెప్పుకొను కథ యొకటి కలదు. డొనెల్లా మెడోస్ అను పండితురాలు తాను 1970ల ప్రాంతమున విన్నదిగా వ్రాసినది. హాలెండు దేశమున ఆమ్‌స్టర్‌డాము దగ్గఱ ఒకే తీరుగ గట్టిన యిండ్ల వరుస యుండెనట. ఏ కారణముననో కొన్ని యిండ్లలో మీటరు నేలమాళిగలోను, కొన్నింటిలో ముందఱి గుమ్మమునొద్ద వచ్చిపోవువారికి గనబడునట్లును బిగింపబడెను. గుమ్మమునొద్ద మీటరు తిరుగుట చూచుచుండిన యిండ్లలో వాడుక సుమారు మూడవవంతు తక్కువయై యుండెనట. ఇది విన్న మాటయే గాని కట్టుదిట్టముగా జరిపిన శోధన గాదు. అందుచే మూడవవంతను అంకెను మేము పట్టుకొని వ్రేలాడము. తరువాత నాక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు జెందిన సారా డార్బీ 2006లో అంతకు పూర్వము జరిగిన శోధనల నన్నింటిని గూర్చి చూచి, ఇంటిలో నప్పటికప్పుడు లెక్క కనబడినప్పుడు పొదుపు సామాన్యముగా నూటికి 5 మొదలు 15 వంతుల వఱకు నుండుననియు, బిల్లుద్వారా తరువాత దెలిపినప్పుడు సున్న మొదలు పదివఱకు నుండుననియు వ్రాసినది. ఈ రెండంకెలకు నడుమ నున్న భేదమును విద్యార్థులు శ్రద్ధతో గమనింపవలెను. సమాచార మొక్కటియే, వచ్చిన సమయము వేఱు.

సమయముయొక్క మహిమను స్విట్జర్లండులోని జ్యూరిచ్ ప్రాంతమున జరిగిన యొక శోధన మఱింత తేటపఱచుచున్నది. స్నానపుగదిలో నీళ్లధారనొద్దనే చిన్న తెఱ యొకటి యమర్చిరి. స్నానము చేయుచుండగనే ఎన్ని నీళ్లు పోయినవి, వానిని కాచుటకెంత శక్తి ఖర్చయినది యని యా తెఱ చూపుచుండెను. నీరెక్కువగా వాడినకొలది, మంచుగడ్డపై నిలిచిన ధ్రువపు ఎలుగుబంటి కాళ్లక్రింద మంచు కరగిపోవుచున్నట్లు బొమ్మయు నుండెను. ఆ యిండ్లలో స్నానమునకై యగు శక్తి నూటికి 22 వంతులు తగ్గినదని 2018లో ప్రకటించిరి. చేయి కుళాయిమీద నున్నప్పుడే కన్ను లెక్కమీద బడినది. మఱి నెలాఖరున వచ్చిన చీటి చూచి, మూడువారముల క్రిందటి స్నానమును తగ్గించుకొను టెట్లు? ఉపాధ్యాయులైనవారి కిది క్రొత్తగాదు. పలకమీద తప్పు వ్రాసిన క్షణముననే దిద్దిన బిడ్డ నేర్చుకొనును; పరీక్షకాగితము రెండునెలల కిచ్చినచో మార్కులు మాత్రమే చూచి మడిచి పెట్టును.

ఇక యాప్‌ల సంగతి. ఫోనులోని లెక్క అన్నివేళల దొరకునదే గాని, చూడదలచి తెఱచినవానికే దొరకును. గూగులు కంపెనీవారు 2009లో పవర్‌మీటరను సాధనమును బెట్టి 2011లో మూసివేసిరి. అదే 2009లో మైక్రోసాఫ్టువారు హోమ్ అను పేర దెచ్చినది 2012లో ముగిసినది. అంతటి సంపన్నులు పూనుకొన్నను, దినదినము తమ కరెంటు లెక్క చూచుకొనుటకు ఫోను దెఱచువా రరుదు. ఇంగ్లండులో తూర్పు ఆంగ్లియా విశ్వవిద్యాలయమువారు ఇంటిలో బెట్టెడి చిన్నతెఱలనుగూర్చి 2010లోను, మరల 2013లోను ప్రకటించిన దానిలోను ఇదియే తేలినది: తొలుత వింతగా జూచుదురు, కొన్నినెలలకు గోడగడియారమువలె నది కంట బడదు. మా యింటికింత మామూలే యను నంకెయొకటి మనస్సున నిలిచిపోవును. అంతకు దిగువకు బోవుట కెవరు నొప్పుకొనరు.

ఆ శోధనలో మఱియొక మాటయు గలదు. దానిని మేము ముఖ్యముగా దలిదండ్రుల దృష్టికి దేదలచితిమి. లెక్క చూచుటయందు ఆసక్తి జూపినవా రెక్కువగా ఇంటి మగవారే. కొన్ని యిండ్లలో అది కుటుంబమున గొడవలకును దారితీసినది.

మన యిండ్లలో సంగతి యెట్లుండునో చెప్పుట కింగ్లండు పోనక్కఱలేదు. సర్వీసు తండ్రి పేరనో, తాతగారి పేరనో యుండును. దానికి జోడించిన ఫోను నెంబరు తండ్రిది. ఆ ఫోను ఉదయము తొమ్మిదింటికి ఆయనతో గూడ పనికి బోవును. ఇంట మిగిలి స్విచ్చులు నొక్కువారు తల్లి, అవ్వ, చిన్నపిల్లలు. మిక్సీ తిప్పునది తల్లి, మోటారు వేయునది తల్లి, బడిబట్టలు ఇస్త్రీ చేయునది అక్క. నొక్కెడి చేతికి లెక్క కనబడదు. లెక్క కనబడెడి చేతికి నొక్కెడి పని లేదు. పదిమైళ్ల దూరమున గూర్చుండి ఫోను దెఱచి, మధ్యాహ్నము రెండుగంటలకు గీత పైకి లేచుట చూచి, "ఇప్పుడింట నేమి వేసినారు?" అని యడుగు గృహస్థుడు పొదుపునకు బదులు తగవును నేర్పును. ఇట్టివా రందఱు నుందురని మేమనుట లేదు. కాని సాధనమును నిర్మించినవారు ఒక యింటి కొక్క ఫోను, ఒక ఫోను కొక్క యజమాని యని తలచి నిర్మించుటచేత, నెమ్మదిగల తండ్రిని గూడ నీ వాడుక తనిఖీదారుగా జేయుచున్నది. కొన్ని యాప్‌లలో నలుగురి ఫోనులను జేర్చుకొను వీలున్నది. ఉన్నచో ముందుగా తల్లి ఫోనును జేర్పుడని మా మనవి.

ఇందులో ప్రాణమునకు సంబంధించిన యంశమొకటి కలదు. 2015 మే నెలలో ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు రెండువేలమందికి పైగా మరణించిరి. అందు ముసలివారును, ఎండలో గూలిపని చేసికొనువారును ఎక్కువ. అట్టి దినములలో మధ్యాహ్నము పంకాయార్పి చెమటతో నొదిగి పడుకొనెడి అవ్వ మన వీధులలో నరుదు కాదు. బిల్లు ఎక్కువ వచ్చెనని ఒకమాఱు కొడుకు నోట విన్నది చాలును, ఆమె ఇక స్విచ్చు జోలికి బోదు. ఆమె పొదుపు చేసినది డెబ్బదియైదు వాట్లు; పదిగంటలకు ముప్పాతిక యూనిట్టు. యాప్‌లో నా దినము గీత క్రిందికి దిగును. నవ్వుమొగపు బొమ్మయు వచ్చునేమో. ఆ నవ్వు ఎవరి చెమటనుండి వచ్చినదో యంత్రమునకు దెలియదు. ఏ లెక్కయైనను తగ్గినదా పెరిగినదా యనియే చెప్పును. తగ్గవలసినది తగ్గినదా యనుట ఇంటివారు కూర్చుండి యాలోచింపవలసిన సంగతి. ముసలివారి పంకా, పసిబిడ్డ తొట్టెమీది పంకా, రోగి గదిలోని పంకా ఈ మూడును పొదుపులెక్కలోనికి రాగూడదని ప్రతి యింటను ముందుగానే నిర్ణయించి, అవ్వతో నా మాట నోట జెప్పవలెను. మనస్సులో ననుకొన్న చాలదు.

అసలు పొదుపు చేయుమని యెవరికి జెప్పవచ్చును? ఆంధ్రప్రదేశమున 2022-23 సంవత్సరపు ధరల పట్టికలో మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 90 పైసలు. 75 వఱకు 3 రూపాయలు. 125 వఱకు నాలుగున్నర. 225 వఱకు 6 రూపాయలు. 400 వఱకు 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9 రూపాయల 75 పైసలు. నెలకు అరువది యూనిట్లు వాడు ఇంటివారు ఒక యూనిట్టు మిగిల్చిన మూడురూపాయలు. మున్నూఱు వాడువారు మిగిల్చిన దాదాపు తొమ్మిది. అరువది యూనిట్ల యింట రెండు పంకాలు, నాలుగు దీపములు, ఒక టీవీ కలవు; అందు విడిచిపెట్టదగిన దేమున్నది? మున్నూఱు యూనిట్ల యింట గంటకు సుమారొక యూనిట్టు దీసికొను ఏ.సి. యున్నది. 2020 జనవరి మొదలు అమ్ముడుపోవు గది ఏ.సి.లు మొదటనే 24 డిగ్రీలమీద నుండునట్లు ప్రభుత్వమువారు నియమించిరి. దానిని 18కి దింపి దుప్పటి కప్పుకొను వారికి లెక్క చూపుట న్యాయము. ఒకే నీతివాక్యమును ఇరువురికిని బంపెడి యాప్ న్యాయము తెలిసినది గాదు.

పొరుగింటితో బోల్చి చూపెడి పద్ధతినిగూర్చి కొంత చెప్పవలసి యున్నది. ఏలయనగా ఈ సాధనములలో నెక్కువ పొగడ్త గాంచినది ఇదియే. 2007లో ప్రకటించిన శోధనకై కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్ పట్టణమున సుమారు మూడువందల యిండ్ల తలుపులకు, మీ వాడుక యింత, మీ పేటలో సగటింత యని చీటీలు వ్రేలాడదీసిరి. సగటుకంటె నెక్కువ వాడినవారు తగ్గించిరి. ముచ్చటయేమనగా, సగటుకంటె తక్కువ వాడినవారు "మనకింకను చోటున్నది" అనుకొన్నట్లు పెంచిరి! తక్కువ వాడినవారి చీటిపై నవ్వుమొగ మొకటి చేతితో గీయగా నా పెరుగుదల యాగినది. తరువాత ఓపవర్ అను కంపెనీవారు అమెరికాలో బిల్లులతో నిట్టి పోలికయుత్తరములు పంపగా, ఆఱులక్షల యిండ్ల లెక్కలు పరిశీలించిన హంట్ ఆల్‌కాట్ 2011లో సగటున నూటికి రెండువంతుల పొదుపు గలిగినదని తేల్చెను. రెండు వంతులే గదా యని నవ్వువారు నవ్వవచ్చును. కాగితపుముక్కకు లక్షలకొలది యిండ్లలో రెండువంతులు తగ్గుట చిన్నపని గాదు. ఉత్తరములు వచ్చిన తొలిదినములలో తగ్గి, కొన్నినాళ్లకు మరల పెరిగి, మరల నుత్తరము రాగా తగ్గి, ఇట్లు రెండేండ్లు జరిగిన పిదప ఉత్తరములు మానివేసినను, ఆ పొదుపు ఏటికి నూటికి పదినుండి ఇరువది వంతుల చొప్పున మాత్రమే సన్నగిల్లెనని 2014లో నాయనయు మఱియొకరును గలిసి వ్రాసిరి. పదేపదే చెప్పిన పాఠము అలవాటుగా మాఱిన జాడ యిది. ఎక్కములు వల్లె వేయించుట వ్యర్థమనువా రీ వాక్యము నింకొకమాఱు చదువుదురు గాక.

అయినను మన వీధులలో పోలిక కొంత చిక్కైనది. ఒక యింట అన్నదమ్ములు, కోడండ్రు, పిల్లలు గలిసి పదునొకండుగురు, ప్రక్కయింట భార్యాభర్తలిద్దఱే. ఒకరింట బోరుమోటారు, ఒకరింట పంచాయితీ కుళాయి. గడపలు లెక్కించి సగటు కట్టినచో ఉమ్మడికుటుంబమువారు దుబారామనుష్యులై తేలుదురు. తలకెంత పడునో చూపని పోలికను మేము నమ్మము. అంతకంటె మంచి పోలిక, పోయిన యేడు ఇదే నెలలో మన యింటి లెక్కయే. ఇంకొక సంగతి: అరగంట కొకమాఱు వచ్చు అంకెలు చూచినవానికి ఏ యింట నెవరును లేరో, ఎప్పుడు నిద్రించుచున్నారో తెలిసిపోవును. ఇట్టి శంకచేతనే హాలెండు దేశపు పెద్దల సభ 2009లో స్మార్టు మీటర్లను నిర్బంధము చేయు బిల్లును త్రోసిపుచ్చినది. మన యింటి యంకెలను ఇతరులకు జూపుట మన యిష్టముతో జరుగవలెను.

బహుమానములనుగూర్చియు నొక మాట. ఎక్కువ పొదుపు చేసిన విద్యార్థి యింటికి పాఠశాలవారు బహుమతి యిచ్చిన బాగుండునని కొందఱు మిత్రులు మాతో ననుచుందురు. మేము దీనికి విరుద్ధులము. ఢిల్లీ పరిసరములలోని గృహములలో అనంత్ సుదర్శన్ జరిపి 2017లో ప్రకటించిన శోధనలో, పొరుగువారితో బోల్చి చూపిన వారపు నివేదికలు మాత్రమే యందినవారు వేసవిలో నూటికి ఏడువంతులు తగ్గించిరి. ఆ నివేదికలకు డబ్బు ఆశను గూడ జోడించినచోట ఆ తగ్గుదల కనబడలేదు. మంచిదని చేసెడి పని బేరమైనంతనే, బేరము గిట్టునా గిట్టదా యనియే మనస్సు చూచును. అదియుగాక బహుమతికై యే బిడ్డ యింటిలో అవ్వ పంకా యార్పుదురో మనకు దెలియదు.

ఫోనులోని లెక్క నిక్కముగా నుపయోగపడు చోటొకటి కలదు. దానిని దాచుట న్యాయము గాదు. తెలంగాణమున 2024లో గృహజ్యోతి పథకము మొదలైనప్పుడు, అర్హతగల యిండ్లకు నెలకు 200 యూనిట్ల వఱకు బిల్లు లేదనియు, దాటినచో మొత్తము చెల్లింపవలెననియు నియమము పెట్టిరి. ఇట్టి హద్దు గలచోట నెలాఖరున 204 అని తెలిసి యేమి లాభము? ఇరువదవ తేదీకే 150 అయినదని తెలిసినవారు మిగిలిన పదిదినములు జాగ్రత్తపడుదురు. ధరలు మెట్లుమెట్లుగా నున్నచోట్లను అంతే. అమెరికాలోని కనెక్టికట్టులో జెస్సో, రాప్సన్ అనువారు 2014లో ప్రకటించిన శోధనలో, కొన్నిగంటలకు ధర పెంచుదుమని ముందుగా దెలిపి యూరకున్న యిండ్లకంటె, దానితోపాటు ఇంటిలో లెక్క చూపెడి తెఱయు నిచ్చిన యిండ్లు చాల నెక్కువగా తగ్గించినవి. హద్దున్నచోట లెక్క దారిదీపము.

స్మార్టు మీటర్లు మన రాష్ట్రములలో ఇంకను అనేక గృహములకు రాలేదు. 2025లో ఆంధ్రప్రదేశమున వానినిగూర్చి ఆందోళనలును జరిగినవి. ఆ వివాదములోనికి మేము దిగము. ఏలయన, మేము చెప్పదలచిన పనికి క్రొత్త మీటరు గాని ఫోను గాని యక్కఱలేదు. గోడయు, సుద్దముక్కయు జాలును.

నడవలోనో వంటయింటి గుమ్మముప్రక్కనో అందఱికి గనబడుచోట ఒక పట్టిక వ్రేలాడదీయుడు. ఆదివారము సాయంత్రము ఇంటిలోని పిల్ల లొకరు మీటరుమీది అంకె చూచి, పోయిన వారపు అంకెను దీసివేసి, మిగిలినదానిని పట్టికపై వ్రాయవలెను. చదువురాని అవ్వకొఱకు అయిదేసి యూనిట్లకు గీత యొకటి, పాలలెక్కవలెనే. ఒక వారము గీతలు పెరిగినచో కారణ మెవరు జ్ఞాపకమున్నవారు వారు చెప్పవలెను: చుట్టములు వచ్చిరి, జ్వరము వచ్చినది, మోటారు ఆపుట మఱచితిమి. నిందకు జోటులేకుండ కారణములు వ్రాసికొన్నచో నాలుగువారములలో ఇంటికి దన వాడుక తెలియును. పట్టిక అడుగున, ముసలివారి పంకా లెక్కలోనిది గాదని పెద్ద యక్షరములతో వ్రాయుడు.

పై తరగతుల విద్యార్థులకు మఱియొక వేడుక. విద్యుత్తు మీటరుపై చిన్న ఎఱ్ఱదీప మొకటి మినుకుమినుకుమనుచుండును. ఒక యూనిట్టు కెన్ని మినుకులో మీటరు మీదనే యచ్చువేసి యుండును. కొన్నింటిపై 3200, కొన్నింటిపై 1600. మీ మీటరు 3200 దైనచో, ఇంటిలో నన్నియు నార్పి డెబ్బదియైదు వాట్ల పంకా యొక్కటి వేయుడు: నిమిషమునకు నాలుగు మినుకులు. ఎల్.ఇ.డి. దీప మొక్కటి వేయుడు: రెండు నిమిషములకు సుమా రొక్కటి. రెండువేల వాట్ల గీజరు వేసినచో నిమిషమునకు నూటయేడు; కన్ను లెక్కింపలేదు. చార్జరుకొఱకై తిట్లు తిన్న పిల్లవాడు ఈ వేడుకను తండ్రికి గూడ జూపవచ్చును. మీటరు పెట్టెను ముట్టరాదు, కుర్చీ యెక్కి తొంగిచూడరాదు. క్రిందనుండి కనబడినంతవఱకే చూచుడు. ఫ్రిజ్జును పదినిమిషములకంటె నెక్కువ ఆర్పి యుంచవద్దు. మీ తల్లిగారు మమ్ము దూషింతురు.

ఈ పట్టిక పెట్టదలచినవారు మార్చి మొదటివారములోనే మొదలిడుట మంచిది. ఏప్రిలు, మే నెలల గీతలప్రక్కన మార్చి గీతలు లేనియెడల, ఎండవలన పెరిగిన దెంతయో అజాగ్రత్తవలన పెరిగిన దెంతయో తెలియరాదు.